మైనపు ముఖముల శిల్పిని మేరీ టుస్సాడ్

నేటి సాయంకాలము మీకొక స్త్రీ కథ చెప్పదలచితిని. ఆమె రాణి కాదు, విదుషి కాదు, దానధర్మములచే పేరుగన్న యిల్లాలును కాదు. ఒక వైద్యునింట గృహకృత్యములు చక్కబెట్టుచుండిన పేదరాలి కూతురు. తండ్రి ముఖమెఱుగని బిడ్డ. మైనపు ముద్ద చేతబట్టుకొని యెనుబది యెనిమిదేండ్లు బ్రతికి, రాజుల ముఖములను, ఆ రాజులను జంపించిన వారి ముఖములను నొకే శ్రద్ధతో తీర్చినది. ఆమె పేరు మేరీ టుస్సాడ్. ఫ్రెంచివారు దానిని తుస్సో అని పలుకుదురు. ఇంగ్లీషువారి నోట నది టుస్సాడయ్యెను. మనకును నట్లే యలవడినది.

మన తెలుగు చలనచిత్ర నటులలో ప్రభాస్ గారి మైనపుబొమ్మ 2017వ సంవత్సరమున బాంకాకు నగరమందలి టుస్సాడు శాలలో నిలిచినది. 2019లో మహేశ్‌బాబు గారి బొమ్మను సింగపూరు శాలవారు చేయించి, ముందుగా హైదరాబాదునకు దెచ్చి యొకనాడు ప్రజలకు జూపిరి. ఈ సంగతి మీ మనుమలును మనుమరాండ్రును మీకు చెప్పియే యుందురు. కాని ఆ శాలల తలవాకిట నున్న పేరెవరిదని యడిగినచో చెప్పగలవారు కొలదిమంది. అందుచే నీ ప్రసంగము. దీనికి నా స్వంత కారణము మఱియొకటి కలదు. దానిని తుదిని విన్నవించుకొందును.

మైనము మనకు క్రొత్త వస్తువు కాదు. దానికి సంస్కృతమున మధూచ్ఛిష్టమని పేరు. తేనె పిండుకొనగా మిగిలినదని యర్థము. మొదట మైనముతో విగ్రహమును తీర్చి, దానిపై మట్టి పొరలు పొరలుగా మెత్తి, ఆఱిన పిమ్మట కాల్చి, కరగిన మైనమును వెడలించి, ఆ ఖాళీలో లోహము పోయు విధానమును చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దమున తన మానసోల్లాసములో వివరించియున్నాడు. ఆదిలాబాదు మండలములోని ఓజులు నేటికిని ఈ మార్గముననే యిత్తడి ప్రతిమలు పోయుచున్నారు. ఈ విద్యలో మైనము త్రోవ మాత్రమే. లోహము వచ్చినంతనే యది తప్పుకొనును. మేరీ విద్యలోనో, మైనమే తుది రూపము.

పశ్చిమదేశములలో నీ పద్ధతియు పురాతనమే. గ్రీకు శిల్పి లిసిస్ట్రాటసు మనుష్యుని ముఖముపై నేరుగా అచ్చు తీసి, అందులో మైనము పోసిన మొదటివాడని రోమక పండితుడు ప్లినీ వ్రాసెను. రోములో గొప్ప వంశములవారు తమ పూర్వుల ముఖములను మైనముతో చేయించి యింట దాచుకొని, ఎవరేని మరణించినప్పుడు ఆ ముఖములను శవయాత్రలో వెంట గొనిపోవుచుండెడివారు. మనము తద్దినమునాడు మూడు తరముల పేళ్లు గోత్రముతో చెప్పుదుము. పేరు చెప్పుదుమే కాని ముఖ మెఱుగము. మా ముత్తాతగారు పొడగరియో పొట్టివారో చెప్పుమన్న నేను చెప్పలేను. వారు ముఖమును దాచిరి. మనము నామమును దాచితిమి. ఏది మేలో పెద్దలు విచారింపుడు.

ఇక కథలోనికి వత్తము. మేరీ 1761వ సంవత్సరము డిసెంబరు నెలలో ఫ్రాన్సు దేశపు సరిహద్దున నున్న స్ట్రాస్‌బర్గు పట్టణమున జన్మించినది. పుట్టింటి పేరు గ్రోషోల్ట్స్. తండ్రి సైనికుడనియు, తాను పుట్టుటకు రెండు మాసములు ముందుగనే మరణించెననియు నామె తరువాత చెప్పుకొన్నది. తల్లి పసిబిడ్డను వెంటబెట్టుకొని స్విట్జర్లాండులోని బెర్ను నగరమునకు బోయి, ఫిలిప్ కర్టియసు అను వైద్యుని యింట పనికి గుదిరెను. ఆ వైద్యుడు శరీరములోపలి భాగములను చూపుటకు మైనముతో నమూనాలు చేయుచుండెడివాడు. ఆ చేయి తిరిగిన పిమ్మట చిన్న చిన్న ముఖప్రతిమలును జేయసాగెను. అవి యొక ఫ్రెంచి రాజబంధువు కంటబడగా, అతని ప్రోత్సాహమున కర్టియసు వైద్యము మాని పారిసు చేరెను. ఆఱేడేండ్ల ప్రాయమున మేరీయు తల్లితో గూడ అచటికే వచ్చెను.

ఇక్కడ మనము కొంచె మాగి చూడవలెను. ఆ కాలమున పనిమనిషి కూతురు పనిమనిషియే కావలసినది. కర్టియసు ఆ పిల్ల చేతివాటము చూచెను. గరిటె యిచ్చుటకు బదులు మైనపు కత్తి చేతికిచ్చెను. పెద్దమనుష్యులు పని చేయించుకొనుటకు వచ్చినపుడు దగ్గఱ నిలుచుండనిచ్చెను. మైనము కాచుట, రంగు కలుపుట, అచ్చు తీయుట, వెంట్రుకలు నాటుట అన్నియు నొక్కటొక్కటిగా నేర్పెను. అన్ని విద్యలలో నీ పిల్ల చేతికి ఏది యబ్బునో చూచి, దానినే యిచ్చిన గురువతడు. నేను పంతులు పని చేసినవాడను గనుక ఈ భాగమే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

ఆ పని యెట్టిదో వినుడు. బ్రతికియున్నవారి ముఖము దించుటకు మొదట కనుబొమలకును, చర్మమునకును నూనె రాచెదరు. ఊపిరికై ముక్కుపుటములలో ఈకకాడల వంటి గొట్టములు పెట్టెదరు. పిమ్మట పారిసు ప్లాస్టరు అను తెల్లని పిండిని నీటితో కలిపి ముఖముపై పూసెదరు. అది కొలదిసేపటిలో గట్టిపడును. తీసిచూచిన ముఖపు ముద్ర తిరగబడి కనబడును. దానిలో మట్టి నొత్తి తీసి, మూసిన కన్నులను తెఱచినట్లు దిద్ది, ముఖమునకు కళ తెచ్చి, మరల పలుముక్కల అచ్చు చేసెదరు. ఆ అచ్చులో రంగు కలిపిన కరగిన తేనెమైనము పోసెదరు. అంచులనుండి మైనము పేరుకొని తగిన మందము వచ్చినంతనే లోపలి ద్రవమును వంపివేసెదరు. అందుచే తల లోపల బోలుగా నుండును. తరువాత గాజుకన్నులు, బుగ్గలకును పెదవులకును వర్ణము. తలవెంట్రుకలు, కనుబొమలు సూదితో నొక్కొక్కటిగా నాటుట. ఒక్క తలకు వెంట్రుకలు నాటుటకే వారములు పట్టును. బొమ్మకు తలయు చేతులును మాత్రమే మైనము. తక్కిన శరీరము వేఱు పదార్థముతో చేసి బట్టలు తొడిగెదరు.

రాయి, ఇత్తడి ఉండగా మైనమేల యని మీరడుగవచ్చును. వెలుతురు రాతిపై బడి తిరిగిపోవును. మైనముపై బడిన వెలుతురు కొంత లోనికి జొచ్చి మెత్తగా బయటికి వచ్చును. మన చర్మముపై వెలుతురు పోకడయు నట్లే. అందుచేతనే మైనపు ముఖము చూచిన ప్రాణమున్నట్లు భ్రమ కలుగును. దానికి శత్రువు వేడిమి. తేనెమైనము సుమారు 62 మొదలు 64 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరగును. అంతకు చాల ముందే మెత్తబడును. మన రోహిణికార్తె యెండలో అట్టి ముఖము నొకపూట యుంచినచో ముక్కు నిలుచునా?

కర్టియసు 1770లో పారిసున ప్రదర్శన ప్రారంభించెను. మేరీ తొలినాళ్లలో చేసిన ముఖములలో ప్రసిద్ధ రచయిత వోల్టేరుది యొకటి. రూసో ముఖమును, అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖమును నామె చేతిమీదుగ తయారైనవే. వార్తాపత్రికలలో ఛాయాచిత్రములు లేని ఆ దినములలో రాజెట్లుండునో, మంత్రి యెట్లుండునో సామాన్యులకు తెలియు మార్గములు మిక్కిలి తక్కువ. ఈ శాలకు బోయినచో వారి యెదుట నిలువవచ్చును. వినోదముతో బాటు వార్తయు నచట లభించెను.

ఆ ముఖముల కెంత బలమున్నదో 1789వ సంవత్సరము జులై 12వ తేదీని బయటపడెను. ప్రజలకు ప్రియమైన మంత్రి నెక్కరును రాజు పదవినుండి తొలగించినాడని తెలిసి జనులు కర్టియసు శాలమీదికి వచ్చి, నెక్కరుదియు ఆర్లియన్సు ప్రభువుదియు మైనపు తలల నడిగి పుచ్చుకొని, నల్లగుడ్డలు కప్పి వీథులలో నూరేగించిరి. సైనికులు వారిపై విఱుచుకొని పడిరి, నెత్తురు చిందెను. రెండు దినములకు బాస్టీలు కోట కూలెను. ఫ్రెంచి మహావిప్లవపు తొలి యూరేగింపులలో మైనపు ముఖములు ముందు నడచినవి.

తరువాతి యేండ్లు ఘోరమైనవి. 1793 జనవరిలో 16వ లూయీ రాజునకును, అక్టోబరులో రాణి మేరీ ఆంటొనెట్‌కును శిరచ్ఛేదము జరిగెను. నడుమ జులైలో విప్లవనాయకుడు మరా స్నానపుతొట్టిలో హత్య చేయబడెను. మఱుసటి యేడు జులైలో, అందఱిని ఆ యంత్రమున కప్పగించిన రోబెస్పియరు తల కూడ నదే యంత్రము క్రింద దెగిపడెను. ఈ తలల ముఖముద్రలు తీయుటకు తన్ను నిర్బంధించిరనియు, నెత్తురోడుచున్న తలను మోకాళ్లపై నుంచుకొని పని చేసితిననియు మేరీ చెప్పెను. తన్నును చెఱసాలలో వేసి తల గొఱిగించిరనియు, విప్లవమునకు ముందు వర్సైల్సు రాజప్రాసాదమున రాజు చెల్లెలికి తాను మైనపు విద్య నేర్పితిననియు నామె చెప్పెను.

ఇదంతయు నిజమేనా? ఈ మాటలు 1838లో ఆమె చెప్పగా నొక మిత్రుడు కూర్చిన జ్ఞాపకములలోనివి. రాజప్రాసాదపు లెక్కలలో ఆమె పేరు పరిశోధకులకు కనబడలేదు. ఇంగ్లండు ప్రేక్షకులకు రాజుగారి యింటి కథ మిక్కిలి ప్రియము. టిక్కెట్టు కొనువాని ప్రీతి నామె యెఱుగును. కాబట్టి తన కథలో గూడ నామె కొంత మైనము కలిపినదని నా యభిప్రాయము. అచ్చు సత్యము, బుగ్గల యెఱుపు పూత. శిల్పి గొప్పతనము చెప్పవలెనని ప్రతిమాటను నమ్మవలసిన పని లేదు. నమ్మదగినదే చాలినంత కలదు.

1794లో కర్టియసు మరణించుచు తన శాలను, బొమ్మలను, అచ్చులను అన్నింటిని మేరీకి వ్రాసియిచ్చెను. మఱుసటి యేడామె ఫ్రాన్స్వా టుస్సాడ్ అను నింజనీరును వివాహమాడినది. మొదటి యాడుబిడ్డ దక్కలేదు. తరువాత జోసెఫ్, ఫ్రాన్సిస్ అను నిద్దఱు కొమాళ్లు కలిగిరి. విప్లవముతో నలిగిన పారిసులో ప్రదర్శనకు రాబడి తగ్గెను, అప్పులు పెరిగెను. 1802లో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును కొంతకాలము సంధి కుదిరినప్పుడు మేరీ నాలుగేండ్ల పెద్దకుమారుని వెంటబెట్టుకొని, బొమ్మలను పెట్టెలలో సర్దుకొని లండను చేరెను. రెండేండ్ల చిన్నవాడు తండ్రివద్దను, అమ్మమ్మవద్దను మిగిలెను. అప్పటి కామెకు నలుబదేండ్లు. ఇంగ్లీషు రాదు. పిలిచిన భాగస్వామి ఛాయల వింతలు చూపి మెప్పించు ప్రదర్శకుడు. లాభములో సగము తనదని కాగితము వ్రాయించుకొన్నవాడు. ఆతని బంధము వదలించుకొనుట కామెకు సుమారు రెండేండ్లు పట్టెను.

ఇంతలో దేశములు మరల యుద్ధమునకు దిగెను. దారి మూతబడెను. పారిసులోని శాల భర్త చేతిలో నిలువక పరుల పాలయ్యెను. మేరీ మరల ఫ్రాన్సు నేలమీద నడుగు పెట్టలేదు; భర్త ముఖమును మరల జూడలేదు. లక్షల కన్నుల కితరుల ముఖములు చూపిన యామెకు తనవారి ముఖము దూరమయ్యెను.

అటుపిమ్మట ముప్పది మూడేండ్లు సంచారము. స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండు. ఊరూరను అద్దె మందిరము, కొన్ని వారములు ప్రదర్శన, మరల పెట్టెలు కట్టుట. మన తోలుబొమ్మలవారు పెట్టెను బండిమీద నెక్కించుకొని యూరూర తిరుగుట మీరు చిన్నతనమున జూచియుందురు. ఆ బ్రతుకే యిదియు. కుదుపునకు వ్రేళ్లు విఱుగును, ముక్కు చెడును. దిగిన యూర మొదటి పని మరమ్మతు. 1831లో బ్రిస్టలు పట్టణమున అల్లరిమూకలు ఇండ్లు తగులబెట్టుచుండగా, ఆమె మనుష్యులు బొమ్మలను వీథిలోనికి మోసి కాపాడుకొనిరి. ఊరు మండుచుండగా మైనమును మోసికొనిపోవుట యెట్టిదో తలచుకొనుడు. చిన్నకుమారుడును పెరిగి పెద్దవాడై తల్లిని వెదకికొనుచు వచ్చి చేరెను. తల్లియు నిద్దఱు కొడుకులును ఒక్క వృత్తిలో నిలిచిరి.

1835లో, ఆమెకు డెబ్బది నాలుగవ యేడు నడచుచుండగా, లండనులో బేకరు వీథియందు స్థిరశాల వెలసెను. ప్రవేశము ఒక షిల్లింగు. రాజుల కొలువులు, వర్ణదీపములు, సంగీతము ఒకవైపు. హంతకుల ముఖములు, విప్లవమునాటి తలలు వేఱుగదిలో. ఆ గది చూచుటకు మఱి ఆఱు పెన్సులు. ముసలితనమున గూడ నామె వాకిట కూర్చుండి సొమ్ము స్వయముగా పుచ్చుకొనుచుండెడిది. 1842లో తన ముఖమును తానే మైనముతో తీర్చినది: చిన్న మూర్తి, నల్లని దుస్తులు, కండ్లద్దములు. దానిలో వయసును దాచుకొనలేదు, అందమును కల్పించుకొనలేదు. జ్ఞాపకములలో కొంత పూత పూసిన యామె, తన ముఖమును చేయునప్పుడు మాత్రము ఉన్నది ఉన్నట్లు చేసినది. 1850వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని నిద్రలోనే కన్నుమూసెను.

మనుమని కాలమున, 1884లో, శాల మేరిల్‌బోన్ రోడ్డునకు మాఱెను. 1925లో అగ్నిప్రమాదము, 1940లో జర్మనుల బాంబు. రెండు మాఱులును ఎన్నో బొమ్మలు నాశమయ్యెను. కాని అచ్చులు కొన్ని నిలిచెను. అచ్చున్నచో ముఖము మరల పోయవచ్చును. కర్టియసు చేసినదిగా చెప్పబడు నిద్రించు సుందరి ప్రతిమ యొకటి, యంత్రముచే రొమ్ము పైకి క్రిందికి కదలుచు నూపిరి తీయునట్లు తోచునది, అట్లే తరతరములకు చూపబడుచు వచ్చినది.

ఇక నా స్వంత కారణము. నలుబదేండ్ల క్రిందట నేనొక పల్లెబడిలో తెలుగు చెప్పుచుంటిని. కుండలు చేయువాని కూతురొకతె మూడవ తరగతిలో నుండెను. ఒకనాడు పద్యము అప్పజెప్పుమనగా లేచి మౌనముగ నిలిచినది. వెనుక బిడ్డలు నవ్విరి. పలక ఎత్తి చూచితిని. క్రింద నిమ్మపండంత మట్టితల. పిలక, నామము, ముక్కుమీదికి జాఱిన కండ్లద్దములు; అది నా తల. నన్ను వెక్కిరించినదని తలచి, పిడికిట నలిపి కిటికీలోనుండి పాఱవేసితిని. పిల్ల యేడ్వలేదు. నా చేతివంకనే చూచుచుండెను. వారము తిరుగక తండ్రి వచ్చి, "దీని బుద్ధి మట్టిమీదనే ఉన్నదండి పంతులుగారూ, ఇక బడి యెందుకు?" అనెను. "నీ యిష్టము" అంటిని. ఆ రెండు మాటలతో నొక చదువు ముగిసినది.

ఆ సాయంకాలము ముఖము కడుగుకొనుచు అద్దము చూచితిని. నా యెడమ కనుబొమ కుడిదానికంటె కొంచెము క్రిందికి వ్రాలియుండును. అంతవఱకు నాకా సంగతి తెలియదు. ఆ మట్టితలలో నది యట్లే యుండెను. ఎనిమిదేండ్ల పిల్ల కన్ను కనుగొన్నదానిని నేను ముప్పదేండ్లు నా ముఖముననే మోయుచు చూడలేదు. అది వెక్కిరింత కాదు, శ్రద్ధ. పద్యము రాకపోవుటకు కారణము, ఆ సమయమంతయు నామె పంతులును చదువుచుండుటయే.

ఆ పిల్ల చేసిన తల నా చేతిలో పోయినది. దానికి అచ్చును లేదు. కర్టియసు నాకన్న గొప్ప పండితుడని నేననను. కాని పనిమనిషి కూతురి చేయి చూచి, దానికి తగిన పని యిచ్చిన బుద్ధి యతనిది. చేతికి వచ్చిన విద్యను నలిపివేసిన బుద్ధి నాది. అతడిచ్చిన విద్య రాజ్యము కూలినను, భర్త దూరమైనను, భాష రాని దేశమునను ఆమెకు అన్నము పెట్టినది. శాలలు కాలినవి, బొమ్మలు కరగినవి. చేతిలోని పని మాత్రము కాలలేదు.

పెద్దలారా, మీ యింట నేదేని పిల్ల మట్టితోనో, రంగుతోనో, దారముతోనో పొద్దుపుచ్చుచు పాఠము మఱచినచో కోపింపుడు, తప్పులేదు, పాఠమును జెప్పింపుడు. కాని ఆ చేతిలోనిదేమో మొదట నొకమాఱు వెలుతురున బెట్టి చూడుడు. పిడికిలి మాత్రము మూయకుడు. ఇంతే నా మనవి. సెలవు.